చెయ్యి ఎంత ఎత్తు లేస్తుంది? అమెరికా మాజీ సైనికుల భుజం గాయాలు, పరిహారపు అప్పీళ్లలోని చిక్కుముడి

అమెరికాలో ఒక మాజీ సైనికుడు భుజం గాయానికి పరిహారం కోరుతూ వైద్య పరీక్షకు వెళ్లినప్పుడు, పరీక్షకుడు చేతిలోకి తీసుకునే పరికరం పేరు గోనియోమీటర్. బడిపిల్లల జామెట్రీ బాక్సులోని కోణమానినికి రెండు పొడవాటి పుల్లలు తగిలించినట్టు ఉంటుంది. చెయ్యి ముందుకు ఎత్తమంటారు, పక్కకు ఎత్తమంటారు, లోపలికీ బయటికీ తిప్పమంటారు. ఆరోగ్యంగా ఉన్న భుజం ముందుకూ పక్కకూ 180 డిగ్రీల దాకా లేస్తుంది, లోపలికీ బయటికీ 90 డిగ్రీల చొప్పున తిరుగుతుంది. ఆ కాసేపట్లో కాగితం మీద పడిన అంకెలే ఆ మనిషికి నెలనెలా ఎంత సొమ్ము అందాలో చాలావరకు తేల్చేస్తాయి. తీర్పు నచ్చక అప్పీలుకు వెళితే, ఆ అంకెల చుట్టూ ఏళ్ల తరబడి వాదన నడుస్తుంది.

ఈ కేసుల తీర్పులు చదువుతూ పోతే ఒక విషయం స్పష్టమవుతుంది. భుజం అప్పీలు అని పైకి ఒకే పేరుతో కనిపించేదానిలో నిజానికి మూడు వేర్వేరు తగాదాలు ఉంటాయి: గాయానికీ సైనిక సేవకూ సంబంధం ఉందా, ఉంటే దాని తీవ్రత ఎంత, ఆ సొమ్ము ఏ తేదీ నుంచి రావాలి. ఒక్కో తగాదాకు కావలసిన సాక్ష్యం వేరు, వెళ్లవలసిన దారి వేరు. వాటిని కలిపేసుకుని, తనకు ఏ ప్రశ్న దగ్గర కాదన్నారో గుర్తించకుండా అప్పీలు వేసినవారు ఎక్కువ కాలం తిరగవలసి వస్తుంది.

ఈ వ్యవహారం తెలుగువారికి పూర్తిగా పరాయిదేమీ కాదు. అమెరికా సైన్యంలో, నేషనల్ గార్డులో చేరిన తెలుగు కుటుంబాల పిల్లలున్నారు. 2009లో మొదలై 2016లో నిలిచిపోయిన మావ్నీ పథకం, సైన్యానికి అవసరమైన భాషలు తెలిసినవారినీ వైద్య నిపుణులనూ గ్రీన్ కార్డు లేకపోయినా చేర్చుకుంది. పరిహారపు హక్కు సేవ చేసినందుకు, అగౌరవకరమైన పద్ధతిలో కాకుండా విడుదలైనందుకు వచ్చేది. దానికి పౌరసత్వంతో ముడి లేదు.

పరిహారం ఇచ్చేది వెటరన్స్ అఫైర్స్ శాఖ; అందరూ వీఏ అంటారు. సున్నా నుంచి వంద దాకా పదేసి శాతాల మెట్లుగా రేటింగు ఉంటుంది, వచ్చే సొమ్ముకు పన్ను లేదు. 2025 రేట్ల ప్రకారం 10 శాతానికి నెలకు 175.51 డాలర్లు, 20 శాతానికి 346.95 డాలర్లు, ఒంటరి వ్యక్తికి వంద శాతం రేటింగైతే 3,831.30 డాలర్లు. ఇక్కడ కొలిచేది బాధను కాదని చట్టమే చెబుతుంది: ఒక వైకల్యం వల్ల మనిషి సంపాదనా సామర్థ్యానికి సగటున కలిగే నష్టానికే ఈ శాతాలు. రెక్కాడితేగాని డొక్కాడదన్న మన సామెతనే అమెరికా కాంగ్రెస్ చట్టం భాషలో రాసుకుందని అనుకోవచ్చు. తేడా అల్లా, రెక్క ఎంత ఆడుతుందో డిగ్రీల్లో కొలిచి మరీ లెక్క కట్టడం.

సంబంధం తేల్చడం

మొదటి తగాదాలో నెగ్గాలంటే మూడు అంశాలు నిరూపణ కావాలి. ఇప్పుడు భుజంలో ఒక వైకల్యం ఉండాలి. సేవలో ఉండగా ఏదో ఒక గాయమో సంఘటనో జరిగి ఉండాలి. ఆ రెంటినీ కలిపే లంకె ఉండాలి. ఈ లంకెనే అక్కడివాళ్లు నెక్సస్ అంటారు. భుజం విషయంలో చిక్కు ఎక్కువగా రెండో అంశం దగ్గరే మొదలవుతుంది. బరువైన సామాను మోసుకుంటూ నడవడం, పారాచూట్‌తో దూకినప్పుడు పక్కకు పడటం, ఫిరంగి గుండ్లు ఎత్తడం వంటి పనుల్లో భుజం దెబ్బ తింటుంది. కానీ యూనిట్‌లో పిరికివాడన్న పేరు వస్తుందని, ప్రమోషన్ పోతుందని చాలామంది వైద్యుడి దగ్గరకు వెళ్లరు. పదిహేనేళ్ల తర్వాత చెయ్యి లేవనప్పుడు వెనక్కి తిరిగి చూస్తే సేవా రికార్డుల్లో భుజం అన్న మాటే ఉండదు.

కొందరి విషయంలో అసలు రికార్డులే ఉండవు. 1973 జూలై 12న సెయింట్ లూయిస్ దగ్గరి జాతీయ సిబ్బంది రికార్డుల కేంద్రంలో పుట్టిన అగ్నిప్రమాదంలో 1.6 కోట్లకు పైగా సైనిక ఫైళ్లు కాలిపోయాయి. 1912కూ 1960కీ మధ్య విడుదలైన సైనికుల ఆర్మీ ఫైళ్లలో దాదాపు 80 శాతం అలా పోయాయి. ఈ బూడిదలోంచే భుజం కేసుల్లో అతి ముఖ్యమైన తీర్పుల్లో ఒకటి పుట్టింది. 1957లో మిస్సోరిలోని ఫోర్ట్ లియొనార్డ్ వుడ్ శిక్షణలో తన కుడి భుజం కీలు తప్పిందని ఒక మాజీ సైనికుడు చెప్పాడు. అతని వైద్య రికార్డులు ఆ మంటల్లో పోయాయి. తోటి సైనికుడొకరు ఆ సంఘటనను ధ్రువీకరిస్తూ వాంగ్మూలం ఇచ్చాడు. భుజం తప్పిందో లేదో చెప్పడానికి వైద్యుడే కావాలి, సామాన్యుల మాట చెల్లదని కింది స్థాయిలో కొట్టేశారు. 2007లో జాండ్రో వర్సెస్ నికల్సన్ తీర్పులో ఫెడరల్ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు దాన్ని ఒప్పుకోలేదు. కొన్ని జబ్బులను సామాన్యుడు కూడా గుర్తించగలడని, అలాంటిచోట అతని సాక్ష్యాన్ని కేవలం వైద్యుడు కాడన్న కారణంతో తోసిపుచ్చరాదని చెప్పింది. కాలు విరగడాన్ని ఎవరైనా గుర్తిస్తారు, క్యాన్సర్ రకాన్ని గుర్తించలేరని ఆ తీర్పే హద్దు కూడా గీసింది.

ఆ హద్దు భుజానికి ఎలా వర్తిస్తుందో గమనించాలి. కీలు తప్పి చెయ్యి వేలాడటం కంటికి కనిపిస్తుంది. భుజం కీలును పట్టి ఉంచే రొటేటర్ కఫ్ కండరాల బంధనం (టెండన్) చిరగడం కనిపించదు. దానికి ఎమ్మారై కావాలి, చదివి చెప్పే నిపుణుడు కావాలి. అయినా రెండో సందర్భంలో సామాన్యుడి మాట వృథా కాదు. ఫలానా రోజు ట్రక్కు వెనక తలుపు మీద పడిందని, అప్పటి నుంచి నొప్పి ఆగలేదని, చెయ్యి నెత్తి మీదికి పెట్టుకోలేకపోయేవాడినని చెప్పే అర్హత అతనికి ఎప్పుడూ ఉంటుంది. ఆ మాటలకు వైద్యపరమైన అర్థం చెప్పే పని వైద్యుడిది. ఆనాటి చికిత్స కాగితాలు లేవన్న ఒక్క కారణంతో అతని మాటను నమ్మలేమనడం చెల్లదని బుకానన్ వర్సెస్ నికల్సన్ తీర్పు 2006లోనే తేల్చింది. అయినా ‘సేవలో ఫిర్యాదు నమోదు కాలేదు, కాబట్టి సంబంధం లేదు’ అన్న ఒక్క వాక్యంతో ముగిసే పరీక్ష నివేదికలు కనిపిస్తూనే ఉంటాయి. అప్పీలులో పట్టుకోవలసిన మొదటి తప్పు అదే.

సొంత వైద్యుడి చేత అభిప్రాయ పత్రం రాయించుకునేటప్పుడు ఒక మాట కీలకం. ఈ వైకల్యం సేవ వల్ల వచ్చి ఉండే అవకాశం ‘కనీసం సగానికి సగం’ ఉందని వైద్యుడు చెప్పగలిగితే చాలు. అనుకూల ప్రతికూల సాక్ష్యాలు సరిసమానంగా తూగితే మొగ్గు మాజీ సైనికుడి వైపే ఉండాలన్నది చట్టం. అయితే ఆ వాక్యం ఒక్కటే రాసి సంతకం పెట్టిన పత్రానికి విలువ చాలా తక్కువ. ఏ రికార్డులు చదివారు, ఎందుకు అలా అనుకుంటున్నారు, వయసు వల్ల వచ్చే అరుగుదలనుంచి దీన్ని ఎలా వేరు చేశారు అన్న కారణాలు ఉండాలి. అమెరికాలో ఎముకల వైద్యులుగా, ఫిజికల్ మెడిసిన్ నిపుణులుగా ఉన్న తెలుగు డాక్టర్లకు ఇలాంటి పత్రం రాయమని రోగులు అడిగే సందర్భాలు వస్తాయి. మర్యాదకు ‘అయి ఉండవచ్చు’ అని రాస్తే రోగికి ఉపకారం జరగదు, ఎందుకంటే అయి ఉండవచ్చు అన్న మాటలో అయి ఉండకపోవచ్చు అన్న మాట కూడా ఉందని న్యాయస్థానాలు ఎన్నోసార్లు అన్నాయి.

ఇంకో రెండు దారులున్నాయి. కీళ్ల అరుగుదల, అంటే ఆర్థ్రయిటిస్, చట్టం ప్రత్యేకంగా పేర్కొన్న దీర్ఘకాలిక వ్యాధుల జాబితాలో ఉంది. విడుదలైన ఏడాదిలోపు అది కనీసం 10 శాతం స్థాయిలో బయటపడితే సేవలోనే వచ్చినట్టు భావిస్తారు. అప్పటి నుంచి ఇప్పటి దాకా లక్షణాలు ఆగకుండా ఉన్నాయని చూపించే వెసులుబాటు కూడా ఆ జాబితాలోని వ్యాధులకే ఉందని 2013 నాటి వాకర్ వర్సెస్ షిన్సెకి తీర్పు తేల్చింది. రొటేటర్ కఫ్ చిరుగు ఆ జాబితాలో లేదు. కాబట్టి అదే భుజానికి ఎక్స్‌రేలో అరుగుదల కూడా కనిపిస్తే ఆ మాట నివేదికలో రాయించుకోవడం చిన్న విషయం కాదు. రెండో దారి, ఇప్పటికే గుర్తింపు పొందిన వేరే వైకల్యం వల్ల భుజం పాడవడం. మోకాలి గాయంతో ఏళ్ల తరబడి చంకకర్ర మీద ఆనుకుని నడిచినవారికి, కుడి భుజం పనికిరాక బరువంతా ఎడమ చేతి మీదే వేసినవారికి ఇది వర్తిస్తుంది.

డిగ్రీల తగాదా

తీవ్రతను తేల్చడానికి వీఏ దగ్గర ఒక రేటింగు పట్టిక ఉంది. అందులో భుజానికి నాలుగు కోడ్‌లు: కీలు పూర్తిగా బిగుసుకుపోతే 5200, చెయ్యి కదలిక తగ్గితే 5201, భుజం ఎముక దెబ్బతిన్నా కీలు పదేపదే తప్పినా 5202, జత్రుకకో (కాలర్ బోన్‌కో) రెక్క ఎముకకో నష్టం జరిగితే 5203. అప్పీళ్లలో ఎక్కువగా వినపడేది 5201. 2021లో సవరించిన పాఠం ప్రకారం చెయ్యి ముందుకు గానీ పక్కకు గానీ భుజం ఎత్తు వరకే, అంటే 90 డిగ్రీల దగ్గరే ఆగితే 20 శాతం. ఒంటికీ భుజం ఎత్తుకూ మధ్య, 45 డిగ్రీల దగ్గర ఆగితే వాటం చేతికి 30, రెండో చేతికి 20. ఒంటి నుంచి 25 డిగ్రీలకు మించి కదలకపోతే వాటం చేతికి 40, రెండో చేతికి 30. ఎడమచేతి వాటం వారికి ఎడమ భుజమే ప్రధానమైనది. ఫారంలో ఆ గడి తప్పుగా నింపడం వల్ల పది శాతం పోగొట్టుకునే ప్రమాదం ఉంది.

పట్టికలోని ఖాళీ వెంటనే కనిపిస్తుంది. 180 డిగ్రీలు లేవవలసిన చెయ్యి 110 దగ్గర ఆగిపోయిందనుకుందాం. పైఅరలోని డబ్బా అందదు, గోడకు సున్నం వేయలేడు, కానీ అక్షరాలా చూస్తే 5201 కింద ఏమీ రాదు. ఇక్కడ ఆదుకునేది నొప్పితో కూడిన కదలికకు సంబంధించిన నిబంధన. కీలు కదిపితే నొప్పి ఉన్నప్పుడు ఆ కీలుకు వర్తించే కోడ్‌లో అతి తక్కువ పరిహార రేటింగైనా ఇవ్వాలని అది చెబుతుంది. 5201లో అతి తక్కువ మెట్టే 20 కాబట్టి, నొప్పి నమోదైన భుజానికి 20 శాతం దక్కాలి. 10 శాతం దగ్గర ఆపేసిన తీర్పు చేతికొస్తే ముందుగా అడగవలసిన ప్రశ్న ఇది.

నొప్పి గురించిన మూల తీర్పు కూడా భుజం కేసే. 1995 నాటి డెలూకా వర్సెస్ బ్రౌన్‌లో వివాదం ఎడమ భుజం మీద, ఇదే 5201 కోడ్ మీద. గోనియోమీటర్ చూపిన కోణంతో సరిపెట్టుకోకూడదని, నొప్పి, నీరసం, అలసట, వాడుతున్న కొద్దీ పెరిగే ఇబ్బంది, ఉన్నట్టుండి తిరగబెట్టే రోజులు, వీటివల్ల అదనంగా ఎన్ని డిగ్రీలు పోతాయో కూడా పరీక్షకుడు చెప్పాలని, వీఏ తీర్పులను సమీక్షించే వెటరన్స్ కోర్టు ఆదేశించింది. అయితే 2011లో మిచెల్ వర్సెస్ షిన్సెకి తీర్పు దానికి ఒక కళ్లెం వేసింది: నొప్పి ఉన్నంత మాత్రాన కదలిక పోయినట్టు కాదు, ఆ నొప్పి పనిని అడ్డుకోవాలి. 2016లో కొరేయా తీర్పు, తనంతట తాను కదిపినప్పుడూ ఇంకొకరు కదిపినప్పుడూ, బరువుతోనూ బరువు లేకుండానూ పరీక్షించి, బాగున్న రెండో కీలుతో పోల్చాలంది. పరీక్ష రోజున నొప్పి తిరగబెట్టలేదు కాబట్టి ఏమీ చెప్పలేనని పరీక్షకుడు చేతులు దులుపుకోవడం 2017లో షార్ప్ తీర్పుతో కష్టమైంది. మాజీ సైనికుడిని అడిగి తెలుసుకుని అంచనా వేయాలి, వేయలేకపోతే ఎందుకో కారణం రాయాలి.

తీర్పులు ఇన్ని ఉన్నా పరీక్ష గదిలో జరిగేది వేరుగా ఉండవచ్చు. సైన్యం నేర్పిన అలవాటు వదలదు. పళ్లు బిగబట్టి చెయ్యి చివరిదాకా ఎత్తేస్తారు. నొప్పి 70 డిగ్రీల దగ్గరే మొదలైందని నోరు విప్పి చెప్పకపోతే కాగితం మీద 160 అని పడుతుంది. ఎన్నాళ్లకోసారి తిరగబెడుతుంది, ఎన్ని రోజులుంటుంది, ఆ రోజుల్లో చొక్కా తొడుక్కోవడానికి ఎవరు సాయం చేయాలి, కారు సీటుబెల్టు ఏ చేత్తో లాగుతారు అన్న వివరాలు ముందే రాసుకుని వెళ్లడం నాటకం ఆడటం కిందకు రాదు. నిబంధన అడిగేదే వాటిని. భార్యో, తోటి ఉద్యోగో రాసిన ఒక పేజీ వాంగ్మూలం ఇక్కడ బాగా పనికొస్తుంది.

ఒక ఆశ మాత్రం వదులుకోవాలి. ముందుకు ఎత్తడంలో ఒక రేటింగు, పక్కకు ఎత్తడంలో ఇంకో రేటింగు వేరువేరుగా కావాలన్న వాదనను 2013లో యోనెక్ వర్సెస్ షిన్సెకి తీర్పు మూసేసింది. ఒక భుజానికి 5201 కింద ఒకే రేటింగు. వేర్వేరు లక్షణాలుంటే వేర్వేరు కోడ్‌లు అడగవచ్చు గానీ, ఒకే ఇబ్బందిని రెండుసార్లు లెక్కపెట్టడం నిషిద్ధం.

రెండు భుజాలూ పోయినవారికి లెక్క వింతగా ఉంటుంది. కుడి భుజానికి 30, ఎడమకు 20 వస్తే మొత్తం 50 కాదు. ముందు వందలో 30 తీసేస్తారు, మిగిలిన 70లో 20 శాతం 14, అంటే 44. దాన్ని దగ్గరి పదికి సవరిస్తే 40 అవుతుంది. కానీ జంట అవయవాలు రెండూ దెబ్బతిన్నప్పుడు ఆ 44కు దానిలో పదో వంతు కలపాలన్న నిబంధన ఉంది: 48.4, సవరిస్తే 50. ఈ చిన్న కూడిక మరిచిపోతే 2025 రేట్లలో నెలకు 774.16 డాలర్లకూ 1,102.04 డాలర్లకూ ఉన్న తేడా పోతుంది. మన సైన్యంలో వైకల్య పింఛను లెక్క ఇందుకు భిన్నం. సేవకు సంబంధముందని తేలి కనీసం 20 శాతం ఉంటే, వైకల్యంతో సర్వీసు నుంచి పంపేసినవారికి 50 లోపు అంకెను 50గా, ఆపై 75లోపు దాన్ని 75గా, అంతకు మించితే వందగా పరిగణించే పద్ధతి ఉంది.

ఏ దారిన వెళ్లాలి

2017 ఆగస్టులో సంతకమై 2019 ఫిబ్రవరి 19 నుంచి అమలైన అప్పీళ్ల ఆధునికీకరణ చట్టం తర్వాత, తీర్పు వచ్చిన ఏడాదిలోపు మూడు దారుల్లో ఒకటి ఎంచుకోవాలి. కొత్త, సంబంధిత సాక్ష్యం ఉంటే సప్లిమెంటల్ క్లెయిము, దానికి 20-0995 ఫారం. సాక్ష్యం చాలు, తీర్పరే తప్పు చేశాడనుకుంటే పై అధికారి సమీక్ష, 20-0996 ఫారం; అందులో కొత్త కాగితం ఒక్కటి కూడా చేర్చనివ్వరు, కాకపోతే ఫోన్‌లో ఒకసారి తప్పు ఎక్కడుందో చెప్పుకోవచ్చు. మూడోది బోర్డ్ ఆఫ్ వెటరన్స్ అప్పీల్స్, 10182 ఫారం; అక్కడ ఉన్న ఫైలు మీదే తీర్పు అడగవచ్చు, 90 రోజుల్లో సాక్ష్యం పంపవచ్చు, లేదా న్యాయమూర్తి ముందు మాట్లాడే అవకాశం కోరవచ్చు.

ముందు చెప్పిన మూడు తగాదాలకు ఈ దారులు చక్కగా జత కుదురుతాయి. నెక్సస్ లేదని కొట్టేస్తే పై అధికారి సమీక్షకు వెళ్లడం సాధారణంగా కాలయాపనే. కారణాలతో కూడిన వైద్యుడి పత్రం సంపాదించి సప్లిమెంటల్ వేయాలి. నొప్పి నమోదైనా 20 ఇవ్వలేదు, జంట అవయవాల కూడిక మరిచారు, వాటం చెయ్యి తప్పు రాశారు అన్నవి ఫైలు తెరిచి చూపించగల తప్పులు. వాటికి సమీక్ష చాలు. పరీక్షే అసంపూర్ణంగా జరిగిందని సమీక్షలో తేలితే కొత్త పరీక్ష కోసం వెనక్కి పంపుతారు. మనిషి మాటను నమ్మలేదన్నదే కారణమైనప్పుడు బోర్డు ముందు విచారణ కోరడంలో అర్థముంది, ఆలస్యమైనా సరే. ఏ దారిన వెళ్లినా ముందుగా తీర్పు ఉత్తరంలో ‘అనుకూల నిర్ధారణలు’ అన్న భాగం చదవాలి. సేవలో గాయం జరిగిందని అక్కడ ఒప్పుకుని ఉంటే, స్పష్టమైన, కాదనలేని పొరపాటు అని చూపితే తప్ప తర్వాతివారు దాన్ని తిరగదోడలేరు. ఇక నిరూపించవలసింది మిగిలిన అంశాలే.

మూడో తగాదా అయిన తేదీ సంగతి గడువుల్లోనే ఉంది. ఏడాదిలోపు ఏదో ఒక దారి పట్టుకుంటూ పోతే మొదటి దరఖాస్తు తేదీ బతికే ఉంటుంది, నెగ్గినప్పుడు బకాయి అప్పటి నుంచి లెక్క కడతారు. ఒక్క రోజు దాటినా సప్లిమెంటల్ వేయవచ్చు గానీ ఆ పాత తేదీ పోతుంది. మధ్యలో భుజం ఎనిమిది నెలలు బిగుసుకుపోయి తర్వాత కొంత వదిలితే, ఆ ఎనిమిది నెలలకు ఎక్కువ శాతం, తర్వాతి కాలానికి తక్కువ శాతం ఇచ్చే దశలవారీ రేటింగు కూడా అడగవచ్చు.

సాయానికి అమెరికన్ లీజియన్, డీఏవీ, వీఎఫ్‌డబ్ల్యూ వంటి మాజీ సైనికుల సంఘాల ప్రతినిధులు ఉచితంగా ఉంటారు. వకీళ్ల రాక మాత్రం ఇటీవలి కథే. 1864లో నిర్ణయించిన పది డాలర్ల ఫీజు పరిమితి 1988 దాకా, అంటే 120 ఏళ్లకు పైగా కదలలేదు. పది డాలర్లకు ఏ వకీలు ఫైలు తెరుస్తాడు? వీఏ తీర్పులను న్యాయస్థానం సమీక్షించే వీలు కల్పించిందీ ఆ 1988 చట్టమే. ఇప్పుడు మొదటి తీర్పు వచ్చాక గుర్తింపు పొందిన వకీలు ఫీజు తీసుకోవచ్చు. బకాయిలో 20 శాతం వరకు సహేతుకమని, మూడో వంతు దాటితే కాదని నిబంధనలు భావిస్తాయి. మొదటి దరఖాస్తుకే డబ్బు అడిగే, గుర్తింపు లేని ఏజెంట్లు ఈ లెక్కలోకి రారు.

బోర్డు కూడా కాదంటే 120 రోజుల్లో వెటరన్స్ కోర్టుకు వెళ్లాలి. అక్కడ కొత్త సాక్ష్యం తీసుకోరు, ఎవరినీ పరీక్షించరు. బోర్డు సరైన కారణాలు చెప్పిందా, పరీక్ష డెలూకా, షార్ప్ తీర్పులు అడిగినట్టు జరిగిందా అని ఫైలు మాత్రమే చూస్తారు. లోపం దొరికితే కేసును బోర్డుకు తిప్పి పంపుతారు. బోర్డు కొత్త పరీక్షకు ఆదేశిస్తుంది. అప్పటికి కొన్నేళ్లు పెద్దవాడైన ఆ మనిషి మళ్లీ గోనియోమీటర్ ముందు నిలబడి చెయ్యి ఎత్తుతాడు; ఈసారి నొప్పి ఎక్కడ మొదలైందో పరీక్షకుడు రాస్తున్నాడో లేదో చూసుకుంటూ.